కాగితపు గొట్టం, తాటాకు చూరు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో పలాసకు దగ్గరలో తీరం దాటింది. అప్పటి గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. అక్కడి ఉద్దానం ప్రాంతంలో తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడి, పనస తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. చెట్టు పడిపోవడం అందరికీ అర్థమవుతుంది. ఇల్లు పడిపోయే తీరు మాత్రం మనం అనుకున్నట్టు ఉండదు. గాలి వచ్చి గోడను తోస్తే గోడ కూలుతుందనీ, గోడ కూలాక కప్పు పడుతుందనీ ఊహించుకుంటాం. ఏ తుఫానులోనైనా రేకుల ఇంటికి ముందు పోయేది కప్పు. గోడలు పోయేది ఆ తరవాతే.

ఇది అర్థం కావాలంటే చిన్న లెక్క ఒకటి చేయాలి. గాలి వేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని తీసుకుని, దాన్ని వర్గం చేసి, 0.6తో హెచ్చవేస్తే ఒక చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. మన దేశంలో ఇంజనీర్లు పాటించే ఐ.ఎస్. 875 ప్రమాణం మూడో భాగంలో ఉన్న సూత్రం ఇదే. గంటకు 150 కిలోమీటర్లంటే సెకనుకు 42 మీటర్లకు కాస్త తక్కువ. ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 1,040 న్యూటన్లు, అంటే దాదాపు 106 కిలోల బరువు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌లో గాలి 180 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. సెకనుకు 50 మీటర్లు, చదరపు మీటరుకు 150 కిలోలు. వేగం అయిదో వంతు పెరిగితే ఒత్తిడి దాదాపు సగం పెరిగింది. వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది.

ఈ ఒత్తిడి అన్నిచోట్లా తోపుగా రాదు. ఎదురు గోడను గాలి తోస్తుంది. కప్పు మీదుగా దూకేటప్పుడు, ముఖ్యంగా వాలు తక్కువగా ఉన్న కప్పు అంచుల దగ్గర, పైకి లాగుతుంది. తలుపో కిటికీయో ఊడి గాలి లోపలికి చొరబడితే కింది నుంచి కూడా ఎత్తుతుంది. ఇంటిని కింద పడేయడం కంటే పైకి లేపడమే తుఫాను గాలికి సులువు. జింకు రేకు చదరపు మీటరుకు అయిదు కిలోలుంటే ఎక్కువ. ఆస్‌బెస్టాస్ రేకయితే పదిహేను కిలోలకు అటూ ఇటూ. వాటిని పట్టి ఉంచేది వాటి బరువు కాదు, వాటికి బిగించిన కొక్కేలు. నాలుగంగుళాల కాంక్రీటు శ్లాబు చదరపు మీటరుకు 250 కిలోలు తూగుతుంది, అది లేవదు. శ్రీకాకుళం తీరంలో ప్రతి కుటుంబమూ డాబా కావాలని కోరుకోవడం వెనక ఈ లెక్క ఉంది. కాగితం మీద వేయకపోయినా, తుఫాను రాత్రి వణుకుతూ కూర్చుని వేసుకున్న లెక్క అది. ఆ కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

కాంక్రీటు రాకముందు కూడా ఈ తీరానికి తుఫానులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాలకంటే పొడవైన తీరం శ్రీకాకుళానిది, ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా దాదాపు 190 కిలోమీటర్లు. దాని పక్కన భోగాపురం, పూసపాటిరేగ మండలాల మీదుగా విజయనగరం జిల్లాకు ఉన్నది ముప్ఫయి కిలోమీటర్ల లోపే. ఈ తీరపు పల్లెల్లో, ఇంకా కిందికి విశాఖ వైపు కూడా, ఒకప్పుడు వరసలు వరసలుగా ఉండినవీ ఇప్పుడు అక్కడక్కడా మాత్రమే మిగిలినవీ చుట్టిళ్ళు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద శంకువు ఆకారంలో తాటాకు కప్పు. ఆ కప్పు చూరు ఎంత కిందికి దిగి ఉంటుందంటే లోపలికి వెళ్ళాలంటే పెద్దవాళ్ళు నడుం వంచాలి. దూరం నుంచి చూస్తే గోడే కనబడదు.

ఆ ఇంట్లో ఏ భాగం ఏం పని చేస్తుందో చూద్దాం.

తుఫాను గాలి ఒక్క దిక్కు నుంచి రాదు. బంగాళాఖాతం తుఫాను గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. దాని కన్ను ఊరి మీదుగా పోతే, మొదట ఉత్తరపు గాలి కొడుతుంది, కాసేపు అంతా ఆగినట్టవుతుంది, తరవాత దక్షిణం నుంచి అంతే జోరుగా కొడుతుంది. నలుపలకల ఇంటికి ఏదో ఒక పూట వెడల్పు గోడ గాలికి అడ్డం పడుతుంది. గుండ్రటి ఇంటికి అలాంటి బలహీనమైన ముఖమే లేదు. పైగా గాలి గుండ్రటి గోడను ఒరుసుకుంటూ పక్కలకు జారిపోతుంది కాబట్టి, అంతే వెడల్పున్న బల్లపరుపు గోడ మీద పడేదానికంటే మొత్తం తోపు బాగా తగ్గుతుంది. నిటారు మట్టిగోడను పక్క నుంచి తోస్తే దానికి ఆసరా ఇచ్చేవి రెండు చివర్ల మూలలే. వంపు తిరిగిన గోడకు ప్రతి అడుగూ పక్క అడుగుకు ఆసరా. మట్టి ఇళ్ళు ముందు మూలల్లోనే పగులుతాయి. చుట్టింటికి మూలలు లేవు.

కప్పు సంగతి ఇంకా గొప్పది. వాలు తక్కువైన కప్పును గాలి పైకి లాగుతుందని చెప్పుకున్నాం. వాలు నిటారుగా పెరిగేకొద్దీ గాలి వచ్చే వైపు ఆ లాగుడు తగ్గి, ఒక దశ దాటాక తోపుగా మారుతుంది. అంటే గాలే కప్పును గోడ మీదికి అదిమి పెడుతుంది. శంకువు ఆకారానికి రెండు వైపుల త్రికోణపు గోడలు, అంటే గాలికి ఎదురుగా నిలబడి ముందుగా దెబ్బతినే భాగాలు, అసలు ఉండవు. చూరు నేలకు దగ్గరగా దిగడం వల్ల దాని కిందికి దూరి ఎత్తడానికి గాలికి సందు దొరకదు. ఆ చూరే వానజల్లు మట్టిగోడకు తగలకుండా కాస్తుంది. వాసాలు, వెదురు దబ్బలు, తాటాకు అన్నీ నారతోనో తాడుతోనో కట్టినవి. మేకు కొట్టిన చోట చెక్క ఒక్క దెబ్బకు చీలుతుంది. తాడు కట్టు కాస్త సాగుతుంది, కాస్త కదులుతుంది, ఆ కదలికలో గాలి ఊపును అరాయించుకుంటుంది. తాటాకు పొరల మధ్య నుంచి కొంత గాలి జారిపోతుంది కాబట్టి లోపలా బయటా ఒత్తిడి తేడా కూడా అంతగా పెరగదు.

చాలా చుట్టిళ్ళలో లోపల ఇంకో కప్పు ఉంటుంది. దుంగలు పరిచి, పైన మట్టి మెత్తిన అటక. ధాన్యం, సామాను దాని మీద. పైన తాటాకు అంటుకున్నా కింద గది వెంటనే అంటుకోదు. ఒకే చుట్టుకొలత గోడకు చతురస్రం కంటే వృత్తం 27 శాతం ఎక్కువ చోటు ఇస్తుందని లెక్కల పుస్తకంలో చదువుకుంటాం. మట్టిని తొక్కి, ముద్దలు చేసి, వరస మీద వరస పెట్టి గోడ లేపే మనిషికి ఆ 27 శాతం అంటే ఎన్ని తట్టల మట్టి మిగిలిందో చేతికి తెలుస్తుంది.

ఈ ఇంట్లో గట్టి పదార్థమంటూ ఒక్కటీ లేదు. మట్టి, ఆకు, నార, వెదురు. విడివిడిగా చూస్తే ఏదీ తుఫాను ముందు నిలబడేది కాదు. ఈ అధ్యాయమంతా చెప్పదలచుకున్న విషయం ఇదే: కట్టడం బలం ఒకటి, దాన్ని కట్టిన పదార్థం బలం ఇంకొకటి. ఈ తేడాను మన కాలంలో అందరికంటే పట్టుదలగా రుజువు చేసినవాడు ఒక జపాన్ వాస్తుశిల్పి. ఆయన ఎంచుకున్న పదార్థం కాగితం.

షిగేరు బాన్ 1957లో టోక్యోలో పుట్టారు. అమెరికాలో చదువుకుని, న్యూయార్క్ కూపర్ యూనియన్‌లో పట్టా తీసుకుని, 1985లో టోక్యోలో సొంత కార్యాలయం తెరిచారు. మరుసటి ఏడాది ఫిన్లండ్ వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో మీద ఒక ప్రదర్శనకు వేదిక అమర్చే పని వచ్చింది. ఆల్టోకు ఇష్టమైనది కలప. కొద్ది రోజుల ప్రదర్శన కోసం కలప కొని, తరవాత పారేయడం బాన్‌కు మనసొప్పలేదు. బట్ట చుట్టుకొచ్చిన, కాగితం చుట్టుకొచ్చిన అట్ట గొట్టాలు కార్యాలయంలో పోగుపడి ఉన్నాయి. వాటితోనే వేదిక కట్టారు. అప్పుడు గమనించారు, అవి అనుకున్నదానికంటే చాలా గట్టివని.

మన దగ్గర ఏ బట్టల కొట్టుకు వెళ్ళినా ఆ గొట్టాలు వెనక గదిలో మూలన నిలబెట్టి ఉంటాయి. ఆ గొట్టం ఎంత బరువు మోస్తుంది? తరవాత ఆయన ఒక చర్చికి వాడిన గొట్టాన్నే తీసుకుందాం. బయటి వ్యాసం 325 మిల్లీమీటర్లు, అట్ట మందం 14.8 మిల్లీమీటర్లు. అడ్డంగా కోస్తే కనిపించే అట్ట వైశాల్యం సుమారు 14,400 చదరపు మిల్లీమీటర్లు. ఇలాంటి అట్ట ఒక్కో చదరపు మిల్లీమీటరుకు సుమారు 10 న్యూటన్ల నొక్కుడు తట్టుకుంటుంది. మన ఇళ్ళలో వాడే ఎం-20 రకం కాంక్రీటు బలంలో ఇది సగం. హెచ్చవేస్తే ఆ ఒక్క గొట్టం నలగాలంటే పద్నాలుగు టన్నులకు పైగా బరువు పడాలి. ఇది నలిగే హద్దు. భద్రత కోసం ఇంజనీరు దానిలో చిన్న భాగాన్నే నమ్ముకుంటాడు. అయినా అట్టకు ఇది తక్కువ సంగతి కాదు.

పొడవాటి కంభం నలిగి పోవడం కంటే పక్కకు వంగి పోవడమే ఎక్కువ. అక్కడే గొట్టం ఆకారం అక్కరకొస్తుంది. ఇదే అట్టను బోలు లేకుండా గట్టిగా నొక్కి కడ్డీ చేస్తే దాని వ్యాసం 135 మిల్లీమీటర్లు వస్తుంది. బరువు అంతే, ఖర్చు అంతే. కానీ వంగకుండా నిలబడే శక్తి గొట్టానికి పది రెట్లు ఎక్కువ. పదార్థం నడిమధ్య నుంచి ఎంత దూరం జరిగితే వంపును అంతగా ఎదిరిస్తుంది, ఆ దూరపు వర్గం లెక్కన. వెదురు ఈ సూత్రం మీదే పెరుగుతుంది. తాటిచెట్టూ అంతే. మాను బయటి అంచు ఇనుములా చేవదేరి ఉంటుంది, లోపలిదంతా మెత్తటి పీచు. మన వడ్రంగులు తాటిమానును చీల్చి, లోపలి మెత్తనిది చెక్కేసి, చేవ భాగాన్నే దూలానికీ వాసాలకూ వాడతారు. షిగేరు బాన్ ప్రయోగశాలలో కనుక్కున్నదీ, తాటిమాను గాలికి ఊగుతూ ఎన్నాళ్ళనుంచో చేస్తున్నదీ ఒకే పని.

గొట్టానికి శత్రువు నీళ్ళు. తడిసిన అట్ట బలం పడిపోతుంది. అందుకని మైనం పట్టించడం, పాలీయురేథేన్ పూత వేయడం, పైన వానకు గొడుగులా వేరే పొర ఉంచడం తప్పనిసరి. ఏళ్ళ తరబడి బరువు మోస్తే మెల్లగా సాగుతుంది కూడా. నిప్పుకు మాత్రం మనం భయపడేంత లొంగదు. దళసరి గొట్టం కాగితంలా భగ్గుమనదు, దుంగలా పైపైన మాడుతుంది. ఇవన్నీ మాటల మీద ఒప్పుకునేవి కావు. నిర్మాణ ఇంజనీరు గెంగో మట్సుయి తోడుగా బాన్ పరీక్ష మీద పరీక్ష చేయించారు. 1993లో జపాన్ భవన నిర్మాణ చట్టం కాగితపు గొట్టాన్ని శాశ్వత కట్టడాలకు పనికొచ్చే పదార్థంగా అంగీకరించింది. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే. తరవాత వచ్చిన పేరుకంటే, 2014లో వచ్చిన ప్రిట్జ్‌కర్ బహుమతికంటే కూడా. అందరూ చెత్తబుట్టలో వేసే వస్తువును పరీక్ష గదిలోకి తీసుకెళ్ళి, అంకెలు రాబట్టి, చట్టం చేత ఒప్పించడం సామాన్యమైన పని కాదు.

1994లో రువాండా మారణకాండ తరవాత ఇరవై లక్షలకు పైగా జనం శరణార్థులయ్యారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వారికి ప్లాస్టిక్ పట్టాలు, అల్యూమినియం కర్రలు ఇచ్చింది. అల్యూమినియానికి బజారులో ధర ఉంది. ఆకలితో ఉన్నవాళ్ళు ఆ కర్రలు అమ్ముకున్నారు, గుడారానికి చెట్లు నరికారు. అడవి తరిగిపోసాగింది. బాన్ జెనీవా వెళ్ళి, కర్రల బదులు కాగితపు గొట్టాలు వాడమని చెప్పారు. ఎవరూ కొనని వస్తువు కాబట్టి ఎవరూ అమ్ముకోరు, గుడారంలోనే ఉంటుంది. చవకదనం ఇక్కడ లోపం కాదు, అదే దాని గుణం. సంస్థ ఆయన్ని సలహాదారుగా పెట్టుకుంది, 1999లో రువాండాలోని బ్యుంబా శిబిరంలో యాభై గుడారాలు కట్టి చూశారు.

ఈలోగా 1995 జనవరి 17న కోబే భూకంపం వచ్చింది. నగాటా ప్రాంతంలో వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు పార్కులో ప్లాస్టిక్ పట్టాల కింద ఉండిపోయాయి. బాన్ విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్ళి వాళ్ళకు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పుతో ఇళ్ళు కట్టారు. పునాది కోసం బీరు సీసాల ప్లాస్టిక్ పెట్టెల్లో ఇసుక బస్తాలు నింపారు. గోడలు నిలువుగా పేర్చిన కాగితపు గొట్టాలు, వాటి సందుల్లో నీళ్ళు ఆపే స్పాంజి పట్టీ, పైన గుడారపు బట్ట. ఒక్కో ఇంటి సామానుకు రెండు వేల డాలర్ల లోపు ఖర్చు. పని తెలియని చేతులు కూడా కట్టగలిగిన ఇల్లు అది. అప్పుడే స్వచ్ఛంద వాస్తుశిల్పుల బృందం ఒకటి ఏర్పడింది, ఇవాళ్టికీ నడుస్తోంది.

అదే పేటలో కాలిపోయిన తాకాతోరి చర్చి స్థలంలో యాభై ఎనిమిది గొట్టాలను అండాకారంగా నిలబెట్టి, 160 మంది స్వచ్ఛంద సేవకులు అయిదు వారాల్లో ఒక ప్రార్థనా మందిరం లేపారు. పైన చెప్పిన లెక్క ఆ గొట్టాలదే. తాత్కాలికం అనుకున్నది పదేళ్ళు నిలిచింది. 2005లో విప్పి ఓడలో తైవాన్‌కు పంపారు. అక్కడ 1999 భూకంపంలో దెబ్బతిన్న తావోమి అనే ఊళ్ళో మళ్ళీ నిలబెట్టారు, జనం ఇప్పటికీ వచ్చి చూసి పోతుంటారు. అదే కాలంలో కాంక్రీటుతో కట్టి, లాభం కోసం పదేళ్ళకే కూల్చేసిన భవనాలు ఏ నగరంలోనైనా కనిపిస్తాయి. ఏది శాశ్వతం అన్నది జనం ప్రేమను బట్టి ఉంటుందని బాన్ తరచూ చెబుతూ ఉంటారు. తావోమి చూసినప్పుడు ఆ మాట నిజమేననిపిస్తుంది.

పెద్ద కట్టడాలూ ఉన్నాయి. 2000లో జర్మనీలోని హనోవర్ ప్రపంచ ప్రదర్శనలో జపాన్ మండపాన్ని తేలికైన కట్టడాల మహాపండితుడు ఫ్రై ఓటోతో కలిసి కాగితపు గొట్టాల జాలీగా అల్లారు. ప్రదర్శన అయ్యాక ఆ గొట్టాలు తిరిగి కాగితపు గుజ్జులోకి వెళ్ళాయి. 2010లో ఫ్రాన్స్‌లోని మెట్జ్‌లో పాంపిడూ కళాకేంద్రానికి వేసిన కప్పు వంపులు తిరిగిన కలప జాలీ. అల్లిన చైనా టోపీ చూసి వచ్చిన ఆలోచన అది. 2011 భూకంపంలో పెద్ద చర్చి దెబ్బతిన్న న్యూజీలండ్ క్రైస్ట్‌చర్చ్‌లో 700 మంది కూర్చునే అట్ట చర్చి 2013లో తెరుచుకుంది. అక్కడ దొరికిన గొట్టాలు కావలసినంత దళసరిగా లేకపోతే లోపల చెక్క దూలాలు దూర్చి బలం పెంచారు. కాగితం మీద పంతం పట్టకుండా లెక్క చెప్పినట్టు చేశారు. ఈ భవనాల ఫొటోలు పత్రికల్లో అందంగా వస్తాయి. మనకు మాత్రం ఇంకో రెండు చిన్న పనులు ఎక్కువ దగ్గరివి.

మొదటిది భుజ్. 2001 జనవరి 26 భూకంపం తరవాత బాన్ గుజరాత్ వచ్చారు. కోబే ఇంటి నమూనా చేతిలో ఉంది, కానీ కచ్‌లో బీరు పెట్టెలు ఎక్కడ దొరుకుతాయి? కూలిన ఇళ్ళ రాళ్ళూ ఇటుకల ముక్కలూ పోసి పునాది చేశారు, దాని మీద అక్కడి పద్ధతిలో మట్టి నేల పరిచారు. గోడలు కాగితపు గొట్టాలు. కప్పుకు చీల్చిన వెదురు దబ్బలను వంచి కమానులు కట్టి, నిండు వెదురు బొంగును నడికప్పు దూలంగా వేసి, అల్లిన చాపల మధ్య ప్లాస్టిక్ పట్టా పెట్టి పరిచారు. గాలి ఆడేందుకు, లోపల వండుకోవడానికి వీలుగా చాపల్లో సందులు వదిలారు. భుజ్ ఇంటి పేరు కాగితపు ఇల్లే అయినా, కాగితం వంతు గోడల దాకానే. మిగతాదంతా భుజ్‌దే.

రెండోది శ్రీలంక దక్షిణ తీరంలోని కిరిందా. 2004 డిసెంబరు 26 సునామీలో కొట్టుకుపోయిన ముస్లిం మత్స్యకారుల ఊరు. అక్కడ కాగితం అసలు వాడలేదు. యంత్రంతో నొక్కి చేసిన మట్టి ఇటుకలు, రబ్బరు చెట్టు కలప. ఊళ్ళోవాళ్ళతో మాట్లాడి, ఆడవాళ్ళ మరుగు కోసం, చేపల పని కోసం వాళ్ళు అడిగిన ప్రకారం వంటిల్లు, స్నానాలగది ఒక వైపు, హాలు, పడకగదులు ఇంకో వైపు ఉంచి మధ్యలో నీడ ఉన్న ముంగిలి వదిలారు. కళింగపట్నంలోనో భావనపాడులోనో ఉన్న మత్స్యకార కుటుంబాన్ని అడిగితే వల ఎండబెట్టడానికి, చేప ఆరబెట్టడానికి, నలుగురూ కూర్చోవడానికి అలాంటి చోటే ముందు అడుగుతుంది. పథకాల్లో వచ్చే ఒంటిగది శ్లాబు ఇంటి నమూనాలో ఆ చోటు ఉండదు. అందుకే చాలా ఊళ్ళలో శ్లాబు ఇంటి ముందు జనం తాటాకు పందిరి ఒకటి మళ్ళీ వేసుకుంటారు.

బాన్ పని నుంచి ఉత్తరాంధ్ర తీసుకోవలసింది కాగితపు గొట్టం ఒక్కటే అనుకుంటే పొరపాటు. మన వాన, మన తేమ అట్టకు పడవు. తీసుకోవలసింది ఆయన చూసే చూపు: ఊళ్ళో ఏం పడి ఉంది, దాన్ని ఏ ఆకారంలో పెడితే బలం వస్తుంది, ఆ బలాన్ని ఎలా కొలిచి చూపాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పడి ఉన్నవి తక్కువేం కాదు. తీరం పొడవునా సరుగుడు తోటలున్నాయి. ఆ సరుగుడు లారీల మీద రాజమండ్రి వైపు కాగితపు మిల్లుకు పోతుంది కూడా. గోగునార పండించే పొలాలున్నాయి, నెల్లిమర్ల లాంటి చోట్ల ఆ నారతో గోనె సంచులు నేసిన మిల్లుల చరిత్ర ఉంది. ఉద్దానంలో కొబ్బరి పీచుకు లోటు లేదు. తిత్లీ తరవాత అక్కడ నేలకొరిగిన కొబ్బరి మానుల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. తాటిలాగే కొబ్బరికీ బయటి అంచు చేవ ఉంటుంది. కోత మిల్లులు, కాస్త శిక్షణ వెంటనే అంది ఉంటే ఆ మానుల్లో చాలావాటిని ఇళ్ళ వాసాలుగా మార్చి ఉండవచ్చు. కానీ వాటిలో ఎక్కువ భాగం దారికి అడ్డమని తీసేసే చెత్తగానే లెక్కయింది.

తుఫాను షెల్టర్ల సంగతి వేరుగా చెప్పాలి. పడిపోని భవనంలో రెండు మూడు రాత్రులు గడపడం కూడా ఒక నిర్మాణ సమస్యే అని బాన్ పట్టుకున్నారు. జపాన్‌లో భూకంపం వస్తే జనాన్ని బడుల వ్యాయామశాలల్లో ఉంచుతారు. నేల మీద వందల మంది, మధ్యలో మరుగు లేదు. బాన్ పద్ధతిలో కాస్త లావు గొట్టానికి రంధ్రాలు చేసి, అందులో సన్నగొట్టం దూర్చి చట్రం కట్టి, బట్ట వేలాడదీస్తారు. రెండు మీటర్ల చదరం గది తయారు. మేకు లేదు, పనిముట్టు లేదు, ముగ్గురు కలిస్తే నిమిషాల్లో లేస్తుంది. 2011 సునామీ తరవాత పద్దెనిమిది వందలకు పైగా అలాంటి గదులు కట్టారు. 2022లో ఉక్రెయిన్ శరణార్థుల కోసం పోలండ్‌లోనూ ఇదే పద్ధతి వాడారు. బారువ పక్కనో చింతపల్లి పక్కనో ఉన్న బడిలో తుఫాను రాత్రి తలదాచుకునే ఆడవాళ్ళకు, పాలిచ్చే తల్లులకు, నెలసరిలో ఉన్న పిల్లలకు ఈ గుడ్డ గోడ ఎంత పెద్ద సాయమో వివరించక్కర్లేదు. దీనికి కాగితం బాగానే పనికొస్తుంది, లోపల వాన పడదు కాబట్టి. గొట్టాలు బట్టల కొట్ల నుంచి వస్తాయి, గుడ్డ మన నేతగాళ్ళ దగ్గరుంది. తుఫాను కాలానికి ముందే కట్టలు కట్టి బడి గదిలో ఉంచవచ్చు. ఇది రేపే మొదలుపెట్టదగిన పని.

ఐ.ఎస్. 875ను 2015లో సవరించినప్పుడు తూర్పు తీరం వెంబడి అరవై కిలోమీటర్ల పట్టీకి తుఫాను ప్రాధాన్య గుణకం చేర్చారు. షెల్టర్లు, ఆస్పత్రులు, బడుల వంటి వాటికి గాలి వేగాన్ని 1.3తో హెచ్చవేయాలి. ఒత్తిడి వేగపు వర్గం కాబట్టి అది దాదాపు 1.7 రెట్లవుతుంది. మామూలు ఇళ్ళకు ఆ గుణకం 1.0. అంటే జనం నివసించే ఇంటికి అదనపు జాగ్రత్త ఏదీ లేదు. చుట్టిల్లు ఆ లెక్కలోకి కూడా రాదు. నష్టపరిహారం నిబంధనల్లో పక్కా, కచ్చా, గుడిసె అనే వరసలో అది ఎక్కడో కిందనే పడుతుంది. దానికి పరీక్షల అంకెలు లేకపోవడమే కారణం. కాగితపు గొట్టానికి కూడా ఒకప్పుడు లేవు.

ఆ అంకెలు రాబట్టడం అసాధ్యమేమీ కాదు. చెన్నైలో సీఎస్ఐఆర్ వారి నిర్మాణ ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రంలో గాలి సొరంగం ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. తీరంలో మిగిలిన చుట్టిళ్ళను ముందు కొలవాలి: గోడ మందం, కప్పు వాలు, చూరు ఎత్తు, వాసాల మధ్య దూరం. నమూనా చేసి గాలి సొరంగంలో పెట్టి, వాలు కాస్త మారితే, చూరు ఒక అడుగు పైకి లేస్తే ఒత్తిడి ఎంత మారుతుందో చూడాలి. మట్టిలో సున్నమో కాస్త సిమెంటో కలిపితే వరదనీటికి ఎంతసేపు ఆగుతుందో చూడాలి, ఎందుకంటే చుట్టింటి అసలు బలహీనత గాలి కాదు, నీళ్ళు. వంశధార పొంగినా ఉప్పెన వచ్చినా మట్టిగోడ అడుగు నుంచి కరిగిపోతుంది. పునాది, మొదటి మూడడుగుల గోడ రాతితోనో కాంక్రీటుతోనో కట్టి, పైన మట్టి వేస్తే ఆ సమస్య చాలావరకు తీరుతుంది. తాటాకును కొన్నేళ్ళకోసారి మార్చాలి, ఆకు కోసేవాళ్ళూ కప్పు వేసేవాళ్ళూ తగ్గిపోయారు కాబట్టి ఆ ఖర్చు ఏటికేడు పెరుగుతోంది. మరో కప్పు పదార్థం, బహుశా గోగునారతో బలపరిచిన పలకలు, అదే వాలులో ఎలా నిలబడతాయో పరీక్షించాలి.

అన్నిటికంటే ముందు చూడవలసింది కప్పుకూ గోడకూ మధ్య కట్టు. శంకువు కప్పులో వాసాలు అడుగున బయటికి తోసుకుంటాయి, వాటిని చుట్టూ బిగించి పట్టే వలయం ఉండాలి, ఆ వలయం గోడలోకి, గోడ పునాదిలోకి దిగి ఉండాలి. మత్స్యకారులు తుఫాను హెచ్చరిక వినగానే పాత వలలు కప్పు మీద పరిచి అంచులకు రాళ్ళు వేలాడదీయడం చేసేది ఈ పనే, గాలి పైకి లాగినదాన్ని తిరిగి నేలకు అప్పజెప్పడం. ఆ వల ఎంత బరువు పట్టి ఉంచుతుంది, ఎన్ని చోట్ల కట్టాలి, తాడు ఎంత లావుండాలి అన్నది ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఆఖరు ఏడాది ప్రాజెక్టుగా తేల్చగల విషయం. గంటకు 180 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుకు 150 కిలోలు అనే అంకె పైన ఉంది. లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.